చేతుల మధ్య పొడవు

ఎర్ర కర్రల్లో ఒకటి మాయమైంది.

టీచరమ్మ మళ్లీ లెక్కపెట్టింది. చిన్న కర్ర జానెడు కూడా ఉండదు. ఆ పైన ప్రతి కర్రా ముందుదానికంటే సరిగ్గా ఆ చిన్నకర్రంత పొడుగు. పక్కపక్కన పేరిస్తే మెట్లలా ఉంటాయి. ఇప్పుడు నడుమ ఒక మెట్టు లేదు.

అదీ ఇవాళే! కాసేపట్లో పెద్ద టీచర్ వస్తుంది. ఈ క్లాసు టీచరమ్మకి ఉంచాలో తీసెయ్యాలో తేల్చేస్తుంది. సామాను పోతే ఆవిడ ఊరుకునే రకం కాదు.

"బీరువా కింద చీపురు పెట్టి లాగానమ్మా. దుమ్ము తప్ప ఏమీ రాలేదు," అంది ఆయా.

"మన అల్లరి పిడుగు వచ్చిందా?" అడిగింది టీచరమ్మ.

"ఇంత ప్రశాంతంగా ఉందంటే తెలియట్లా? ఇంకా రాలేదు."

పెద్ద టీచర్ మాత్రం వచ్చేసింది. పిల్లలు చాప మీద కర్రలు పేరుస్తున్నారు. ఆవిడ గమనించకపోతే బాగుండు అనుకుంది టీచరమ్మ. కళ్లజోడు బుడతడు కర్రల చివర్ల మీదుగా అరచెయ్యి జార్చుకుంటూ వచ్చి ఠక్కున ఆగాడు.

"టీచర్! ఇక్కడ చెయ్యి దభీమని పడింది!"

చిన్నకర్ర తెచ్చి ఆ చోట పొట్టిదాని కొసకి ఆనించాడు. పక్కదాన్ని అందుకోలేదు. "ఇంకా చిన్నకర్రంత ఖాళీ ఉంది. ఒక మెట్టు పోయింది," అని తీర్పు చెప్పేశాడు.

"ఏమైంది?" పెద్ద టీచర్ గొంతు చల్లగా ఉంది.

"పోయిందండీ. బాధ్యత నాదే."

అంతలో తలుపు ధన్‌మని తెరుచుకుంది. పిడుగు! రెండు చేతుల్తో రెండు కొసలూ పట్టుకుని, నేర్పినట్టే, ఎర్ర కర్ర మోసుకొస్తోంది. వెనకాల చంటిబిడ్డను ఎత్తుకుని, ఒగరుస్తూ వాళ్లమ్మ వచ్చి తలుపు మూసింది.

"ఎందుకు తీసుకెళ్లావే?" అంది టీచరమ్మ.

"నిన్న మీరే ఇంట్లో ఇంత పొడుగుది వెతకమన్నారుగా! చేతుల మధ్య పొడవు పెట్టుకునే బయల్దేరా టీచర్. గేటు దగ్గర చెప్పు ఊడింది. తొడుక్కునేసరికి పొడవు పోయింది! అందుకని మళ్లీ లోపలికొచ్చి కర్రే పట్టుకెళ్లా."

"దొరికిందా మరి?" పెద్ద టీచర్ ముందుకి వంగింది.

"తమ్ముడు!"

"నిన్నట్నుంచీ వాడి కాళ్లు లాగి కొలుస్తోందండీ," వాళ్లమ్మ మొరపెట్టుకుంది. "వాడు ముడుచుకుంటాడు, ఇది కసురుతుంది."

"కదిలితే ఎట్లా కొలిచేది?" అంది పిడుగు, కర్రని దాని చోట పెడుతూ. కళ్లజోడు మళ్లీ అరచెయ్యి జార్చాడు. "ఇప్పుడు చెయ్యి పడలేదు!"

పెద్ద టీచర్ మెల్లిగా మోకాళ్ల మీద కూర్చుంది. ఆ కర్ర కొసల దగ్గర రెండు అరచేతులూ నిలబెట్టి, అంతే ఎడంతో గాల్లోకి లేపి, తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికండీ?" టీచరమ్మ కంగారుపడింది.

"నా గదిలో ఇంతది ఏముందో చూద్దామని. తలుపు తియ్యమ్మా, చేతులు ఖాళీ లేవు."

"మరి... నా క్లాసు?"

"నీదే. ముందు తలుపు తియ్యి, పొడవు పోతోంది!"

వరండాలోకి పిడుగు కేక వినిపించింది. "పెద్ద టీచర్! చెప్పు ఊడినా వంగొద్దు!"