మూడు రోజుల వంటవాడు

మా ఆయన మునికుమార్ వంట బాగా చేస్తాడు. ఈ మాట నేనే ఒప్పుకుంటున్నాను, వేరే సాక్ష్యం అక్కర్లేదు. పైవాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ పంకజాక్షి గారైతే వీధి వీధంతా చాటింపు వేసినట్టు చెప్పి వచ్చారు. నేను మెట్ల దగ్గర కనబడినప్పుడల్లా "పెట్టి పుట్టినావు ధరణీ, మా ఇంటాయన నీళ్ళు గూడా కాంచుకోడు" అంటారు. ఆయన వండేది నెలకు మూడు రోజులు. మిగతా రోజులన్నీ నేనే వండుతాను. ఆ మిగతా రోజుల గురించి ఇంతవరకు నన్నెవరూ మెచ్చుకోలేదు.

ఆ మూడు రోజులు ఏవో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా అత్తవారిది నగరి, మగ్గాల ఇల్లు. నేను బయట చేరితే వంటింట్లో అడుగు పెట్టకూడదు. మా పలమనేరులో ఈ పట్టింపు లేదు. మా అమ్మకు రెండు ఆవులు, ఏ రోజైనా పాలు పిండాల్సిందే, అవి ఆగవు కదా. తిరుపతిలో మేముండే అద్దె ఇంటికి పూజగది లేదు, దేవుళ్ళంతా వంటింటి అలమారలోనే కొలువుంటారు. "దేవుళ్ళను హాల్లోకి మారుద్దాం" అని పెళ్ళయిన కొత్తలో నేను గట్టిగానే పోట్లాడాను. ఓడిపోయాను. ఆ రోజు నెగ్గి ఉంటే ఎంత నష్టపోయేదాన్నో తర్వాత తెలిసింది.

మొదటి ఏడాది ఆ మూడు రోజులూ పార్సిళ్ళే. మా ఆయన ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తాడు, కాణిపాకం, కాళహస్తి పోయే యాత్రికులకు కార్లు కుదురుస్తాడు. ఇంటికొచ్చేటప్పుడు సందు చివరి బండిలో ఎగ్ రైస్, గోబీ మంచూరియా కట్టించుకొచ్చేవాడు. పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి ఆయన్ను సాకింది ఆ బండే. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి ఆ అన్నం చల్లబడి, నూనె పేపరుకు అంటుకుని ఉండేది. ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో బండివాడికే తెలియాలి. చివరకు ఆయనకు ఛాతీలో మంట పట్టుకుంది. గుండె నొప్పేమోనని బెదిరిపోయి ఆసుపత్రికి పరుగెత్తితే, డాక్టరు "గ్యాసు, బయట తిండి మానెయ్" అన్నాడు. అలా మా ఇంట్లో వంట పాఠాలు మొదలయ్యాయి.

గడపకు ఇవతల చాప వేసుకుని నేను. అవతల పొయ్యి దగ్గర ఆయన. తొలి రోజు కందిపప్పు ఏదో, శెనగపప్పు ఏదో తెలియక రెండు డబ్బాలూ ఎత్తి చూపించాడు.

"సన్నగా ఉండేది కందిపప్పు. గుప్పెడు కడిగి కుక్కర్లో ఎయ్యి. రెండు టమేటాలు, నాలుగు పచ్చిమిరక్కాయలు, ఒక ఎర్రగడ్డ, చిటికెడు పసుపు. చింతపండు ఇప్పుడే ఎయ్యొద్దు, పప్పు ఉడకదు. పైన గిన్నెలో బియ్యం పెట్టు, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు. మూత బిగించి మూడు విజిల్స్ రానీ," అన్నాను.

"అంతేనా?"

"అంతే. నీ బండోడి కాడ ఈపాటికి నీ వంతు గూడా వచ్చుండదు."

మొదటి విజిల్‌కు ఉలిక్కిపడి హాల్లోకి పరుగెత్తుకొచ్చాడు. నవ్వలేక చచ్చాను. తర్వాత పప్పుగుత్తి పట్టుకోవడం గాల్లో చేతులు తిప్పి చూపించాల్సి వచ్చింది. మొత్తానికి పప్పు ఎనిపి, ఉప్పు, చింతపండు రసం వేసి, తాలింపు పెట్టి, నా కంచానికి గరిటె తగలకుండా పైనుంచి వడ్డించాడు. ఉప్పు ఎక్కువైంది. అయినా ఇంకొకరు వండి పెడితే కూర్చుని వేడిగా తినడం పెళ్ళయ్యాక నాకు అదే మొదటిసారి. మారు పెట్టించుకుని తిన్నాను.

నాలుగైదు నెలలకు చేయి తిరిగింది. ఎండుమిరపకాయలు మంట మీద కాల్చి, చింతపండు నీళ్ళలో ఉల్లిపాయతో నలిపి పచ్చిపులుసు చేసేవాడు. దానికి ఉడకబెట్టే పనే లేదు. వేయించిన చెనిక్కాయ గింజలు, అదే వేరుశనగ, ఎండుమిర్చి, చింతపండు, తెల్లగడ్డ మిక్సీలో తిప్పి ఊరుబిండి చేసి డబ్బాకెత్తితే రెండు పూటలు కూర గొడవ ఉండదు. ఆకుకూర, టమేటా ఉడకబెట్టి ఎనిపితే పుల్లగూర. ఇరవై నిమిషాలు దాటే వంట ఏదీ నేను నేర్పలేదు, దాటితే ఆయన ఓపిక బండి దగ్గరికి పోతుందని నాకు తెలుసు. చేసిన ప్రతిదాన్నీ ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టేవాడు. పంకజాక్షి గారికి గిన్నెలో పెట్టి పంపేవాడు. నేను మాత్రం ఆ మూడు రోజుల కోసం పండగకు చూసినట్టు ఎదురు చూసేదాన్ని.

నగరిలో మా అత్త చౌడేశ్వరమ్మ ఫోన్‌లో మురిసిపోయేది.

"మా ఇంట్లో మొగోళ్ళకు ఇది కొత్త గాదు మే. నేను బయట చేరితే మీ మామే సంగటి కెలికేవోడు. అంత బాగా నాకు గూడా రాదు."

"మిగతా దినాల్లో గూడా కెలికేవోడా అత్తా?"

"అదేం మాట? మంచి దినాల్లో మొగోడు యాడన్నా పొయ్యి కాడికొస్తాడా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. చెప్పాల్సింది ఆమె అప్పుడే చెప్పింది, నాకే తలకెక్కలేదు.

నేను రేణిగుంట అవతల ఫోన్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను. మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నే రెండు పూటలకూ వండి, ఇద్దరికీ క్యారియర్లు కట్టి పోవచ్చు. ఎప్పటినుంచో స్క్రూలు బిగిస్తున్నాను, కలలో కూడా అవే బిగిస్తాను. ఒక రోజు మా సూపర్‌వైజర్ సుందరరాజు పిలిచి, కొత్త లైను వస్తోంది, లైన్ లీడరుగా నీ పేరు చెప్పాను అన్నాడు. స్క్రూలు బిగించడం కాదు, బిగించే ముప్పై మందిని నేను చూసుకోవాలి. అయితే అది పొద్దుటి షిఫ్టు. కంపెనీ బస్సు లీలామహల్ సర్కిల్‌కు ఐదున్నరకే వస్తుంది. వచ్చే నెలలో ఒక వారం పని చేయించి చూస్తారు, సోమవారం నుంచి శనివారం దాకా. మధ్యలో ఒక్క రోజు రాకపోయినా ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాకు ఆ పని కావాలి. ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు, పెళ్ళితో సహా. అడ్డమల్లా పొద్దుటి వంటే, చీకటితోనే లేచి అదంతా చేసి బస్సందుకోవడం నా వల్ల అయ్యేది కాదు. అదీ ఇరవై నిమిషాల వంట, మా ఆయనకు వచ్చిన వంట.

మరునాడు పొద్దున, అది నాకు మూడో రోజు, ఆయన తాలింపు వేస్తూ మంచి ఊపులో ఉన్నప్పుడు చెప్పాను.

"ఓహో, లీడరమ్మా!" అన్నాడు.

"రాత్రికి నేనే వండుతా. పొద్దున ఒక్కటీ నువ్వు చేసుకోవల్ల."

"దానికేముండాది, చేస్తాంలే" అన్నాడు గరిటె తిప్పుతూ.

ఆ మర్నాడు తలకు పోసుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, అలవాటుగా గడప దగ్గర కూర్చున్నాను. ఆయన మంచం దిగలేదు.

"కాఫీ పెట్టలేదా?" అన్నాడు.

"పొద్దున నువ్వు చేస్తానంటివే. ఈ పొద్దు నుంచే అలవాటు చేసుకో."

"తలకు పోసుకుంటివి గదా మే," అన్నాడు.

కోపంగా అనలేదు. తెల్లారింది కదా, లైటు ఆర్పెయ్ అన్నంత మామూలుగా అన్నాడు.

"నేను తలకు పోసుకుంటే నీ చేతులు పడిపోతాయా?"

"ఇంట్లో ఆడది మంచిగా తిరగతా ఉండంగా నేను పొయ్యి కాడ నిలబడితే సూసేవోళ్ళు ఏమనుకుంటారు?"

"నిన్నటిదాకా స్టేటస్‌లో పెడితివి గదా, అప్పుడెవరూ సూళ్ళేదా?"

"అది వేరే."

ఎంత అరిచినా ఆ 'అది వేరే' మీద నుంచి కదల్లేదు. వంట రాని మొగుడితో వేగొచ్చు, నేర్పితే వస్తుందన్న ఆశ ఉంటుంది. వచ్చి చేయనివాడికి ఇంకేం నేర్పేది? నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి కాఫీ పెట్టాను.

సుందరరాజుకు మాత్రం వస్తాననే చెప్పాను. ఆ వారానికీ నా తేదీకీ దాదాపు సరిపోయింది, అదే నా ధైర్యం. మూడు రోజులు గడిస్తే మిగతావి ఎలాగో నెట్టుకురావచ్చు అనుకున్నాను. కానీ ఆదివారం సాయంత్రం దాకా చూసినా రాలేదు. తెల్లారితే సోమవారం. చాప తీసుకొచ్చి హాల్లో పరుచుకుని "బయట చేరినా" అన్నాను. మా ఆయన వెంటనే లేచి బియ్యం కడిగాడు.

సోమవారం నుంచి నేను ఐదున్నర బస్సులో ఉన్నాను. క్యారియర్‌లో పప్పన్నం, చిన్న డబ్బాలో ఊరుబిండి, ఒక రోజు ఉడకబెట్టిన గుడ్డుకు కారం అద్ది కూడా పెట్టాడు. లైనులో పిల్లలు నా మాట విన్నారు. తప్పు బిగిస్తున్న ఒకమ్మాయిని తిట్టకుండా పక్కన నిలబడి చూపించాను, మధ్యాహ్నానికి అందుకుంది. సుందరరాజు దూరం నుంచి చూసి తలూపాడు. బుధవారం తలకు పోసుకోవాలి. "ఇంకా నిలవలేదు" అన్నాను. గురువారం, శుక్రవారం కూడా అదే మాట. ఇంకొక్క రోజు గడిస్తే పని నాది. ఆ తర్వాత ఏం చేస్తానో నేను ఆలోచించలేదు. నెల పొడుగునా బయటే ఉండిపోతే ఎవరు అడ్డం అని కూడా అనుకున్నాను, నవ్వితే నవ్వండి.

శుక్రవారం ఇంటికొచ్చేసరికి హాల్లో మా అత్త కూర్చుని ఉంది. కొడుకు ఫోన్ చేసి చెప్పాడట, నగరిలో బస్సెక్కి వచ్చేసింది.

"ఇన్ని దినాలు పోతాంటే ఊరికే ఉంటారా మే? గర్భసంచికి ఏమన్నా అయ్యిందేమో. రేపు పొద్దున్నే డాక్టరమ్మ కాడికి పోదాం."

"రేపు డ్యూటీ ఉండాది అత్తా. సోమవారం పోదాం."

"పానం కంటే డ్యూటీ ఎక్కువా?"

"ఒక్క దినం పోకుంటే ఏం మునిగిపోతాది?" అన్నాడు మా ఆయన. ఏం మునిగిపోతుందో ఆయనకు నేను ముందే చెప్పి ఉన్నాను.

చీకటితోనే లేచి చూస్తే అత్త వీధి తలుపుకు ఆనుకుని కూర్చుని ఉంది. నా కంపెనీ కార్డు ఆమె ఒళ్ళో ఉంది. నిజం చెబితే అబద్ధం బయటపడి ఇక ఎప్పటికీ వంట ఆగుతుంది, చెప్పకపోతే బస్సు పోతుంది. నేను నిలబడి ఆలోచిస్తుండగానే బస్సు వేళ దాటిపోయింది.

డాక్టరమ్మ ఎన్ని రోజుల నుంచి పోతోందని అడిగి, ఏవేవో మందులు రాయబోయింది. అప్పుడిక తప్పలేదు.

"అసలు కానే లేదు మేడం," అన్నాను.

అత్త నా వైపు తిరిగి చూసింది. డాక్టరమ్మ రాస్తున్న కాగితం పక్కన పెట్టి, పరీక్ష చేయించుకు రమ్మంది. అరగంట తర్వాత చీటీ చూసి, "అమ్మవు కాబోతున్నావు" అంది.

ఆటోలో అత్త కొంగు ముడి విప్పుతూ, వేస్తూ కూర్చుంది. తిట్టడానికి మాటలు కూడగట్టుకుంటోంది అనుకున్నాను. ఇల్లు దగ్గర పడ్డాక నా చేతి మీద చేయి వేసింది.

"నేనూ ఒగ దినం ఎక్కువే సెప్పుకుంటా ఉంటి మే," అంది మెల్లగా. "మగ్గం కాడ కూసోని కూసోని నడుము పడిపోతాండె. మీ మామకు సచ్చేదాకా తెల్దు. నా కొడుక్కి సెప్పనులే, ఏదో మరక సూసి బయట చేరినా అనుకునిందంటా."

ఆమె భుజం మీద పడి ఏడవాలనిపించింది నాకు. "అయితే పొద్దున వంట చేయమని నువ్వన్నా సెప్పత్తా," అన్నాను.

చేయి తీసేసుకుంది. "అది బాగుండదు. కడుపుతో ఉండేది నాలుగు పనులు చేస్తా ఉండల్ల, కాన్పు సులువైతాది."

సుందరరాజుకు ఫోన్ చేశాను. హేమశ్రీ అనే అమ్మాయిని తీసుకున్నారని చెప్పాడు. ఎందుకు రాలేదో చెబితే, "మంచి మాటే గదమ్మా, ఇంగ మీకు రెస్టు కావల్ల" అన్నాడు.

సాయంత్రం మా ఆయన మిఠాయి పెట్టె తెచ్చాడు. నిజంగానే సంతోషించాడు, కాదనను, కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. తర్వాత పప్పుగుత్తిని కొక్కేనికి తగిలించి, చేతులు దులుపుకుని "ఇంగ తొమ్మిది నెలలు నాకు వంట తప్పింది!" అన్నాడు. అత్త నవ్వింది. మిఠాయి తీసుకోవడానికి దిగి వచ్చిన పంకజాక్షి గారూ నవ్వారు.

కాన్పయ్యాక పురిటి మైల ఉంటుంది కదా, అప్పుడైనా వండుతాడేమో అని నా మనసు ఆశపడింది. వెంటనే గుర్తొచ్చింది, తొలి కాన్పు పుట్టింట్లో. ఆ పని కూడా ఆవులతో పాటు మా అమ్మ నెత్తినే పడుతుంది.

వంటింట్లోకి వెళ్ళాను. డబ్బాలన్నీ ఆయన తన చేతికి అందేలా పై అరలో సర్దుకుని ఉన్నాడు. మునివేళ్ళ మీద లేచి కందిపప్పు దించాను. వెనక చాప పరిచిన చప్పుడైంది. తిరిగి చూస్తే, గడప అవతల నేను కూర్చునే చోట, మా ఆయన కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో మిఠాయి పెట్టెతో.

"చింతపండు ఇప్పుడే ఎయ్యొద్దు మే," అన్నాడు. "పప్పు ఉడకదు."