ఆర్పని కంప్యూటరు

వినీల ఒక అక్షరం కొడితే, అది తెర మీదికి రావడానికి రెండుసార్లు ఊపిరి తీసి వదిలినంత సేపు పడుతోంది. ‘మా తండ్రి చిన్నపోలయ్య’ అన్న మూడు మాటలు పడేసరికి గోడ గడియారంలో పెద్దముల్లు రెండు గీతలు దాటింది. అభ్యంతరాలు ఆ శనివారం సాయంత్రం ఐదు గంటల లోపల విచారణ సంఘానికి కంప్యూటరు ద్వారానే చేరాలి. అప్పటికే రెండున్నర అయింది.

సంఘం నివేదిక రెండు పేజీలు. యాభై మూడు రోజుల కిందట పీతల వలకు పోయిన చిన్నపోలయ్య పడవను ఓడ ఢీకొట్టిందని ఒక వాక్యంలో ఒప్పుకున్నారు. మరుసటి వాక్యంలోనే ఆ నేరాన్ని అతని మీదికి తోశారు. పడవకు బిగించిన సిగ్నల్ పెట్టె పంపిన ఆఖరి గుర్తు ఓడల దారి నడుమ ఉన్నది గనుక, చిన్న పడవలు రాకూడని చోటికి అతడు తెలిసే వచ్చాడట. ‘ప్రమాదానికి మృతుని నిర్లక్ష్యమే కారణం’ అని ముగించారు. ఇరవై ఆరేళ్లుగా ఆ దారి హద్దును ఇంటి గడపలా ఎరిగిన మనిషి గురించి రాసిన మాట అది. జతగాడు వెంకయ్య జ్వరంతో పడుకోవడం వల్ల ఆ రోజు అతడు ఒంటరిగా వెళ్లాడు. అతని పక్షాన చెప్పడానికి సాక్షి లేడు. పడవ ముక్కలు మూడో నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. సోమవారం నాటి విచారణలో ఆ వాక్యం ఖాయమైతే, ఇక దాన్ని కొట్టివేయించడం ఎవరి తరమూ కాదు.

వినీల నెల్లూరు హాస్టలు నుంచి దానికోసమే వచ్చింది. తల్లి రోజా రొయ్యల షెడ్డుకు పనికి పోయింది. ఇంట్లో ఉన్నది నాయన తల్లి పేరమ్మ ఒక్కతే. ఆ కంప్యూటరు ఇంటిల్లిపాదిదీ. వినీల చదువుకు, రోజా మహిళాసంఘం జాబితాలకు, చిన్నపోలయ్య గాలివాన కబుర్లకు అదొక్కటే ఆధారం. దాన్ని మూడేళ్ల కిందట అమ్మిన నాగూర్‌కు ఫోను చేస్తే, ముత్తుకూరులో అంగడి కట్టేసి స్కూటరు మీద వచ్చాడు.

“ఇదేంది పాపా, నా అంగడిలో నుంచి వచ్చేటప్పుడు గుర్రం మాదిరి ఉండె. మీరు దీన్ని గాడిదను చేసినారు.”

“గుర్రమని నువ్వే చెప్పినావు నాగూరన్నా. అప్పుడే కుంటతా ఉండింది.”

అతడు నవ్వి, చెమట తుడుచుకుని, “ఒకసారి ఆర్పి మళ్లీ వేస్తే సగం జబ్బు పోతాది,” అంటూ మీటకు వేలు చాపాడు.

“చెయ్యి తియ్యి.”

గడప దగ్గర కూర్చుని ఉన్న పేరమ్మ ఎప్పుడు లేచిందో, వచ్చి మీట మీద అరచెయ్యి బోర్లించింది.

“అవ్వా, ఇది కంప్యూటరు. పొయ్యి కాదు.”

“ఏదైతే నాకేం? మగోడు సముద్రంలో ఉండంగా దీపమార్పిన ఆడది ఈ ఇంట్లో లేదు. ఆర్పుకోవాలంటే నీ అంగడి ఆర్పుకో పో.”

నాగూర్ వినీల వంక చూశాడు. వినీల తల దించుకుంది. చీకటితో సముద్రానికి పోయిన మనిషి ఒడ్డుకు దిగేదాకా ఇంట్లో దీపాన్ని కొండెక్కనివ్వకపోవడం ఆ పాళెం ఆడవాళ్ల నియమం. కిరోసిను బుడ్డి పోయి కరెంటు బల్బు వచ్చినా నియమం పోలేదు. పడవకు ప్రభుత్వం సిగ్నల్ పెట్టె ఇచ్చిన ఏడాది చిన్నపోలయ్య తల్లిని ఈ తెర ముందు కూర్చోబెట్టి, చేప బొమ్మ ఒకటి చూపించాడు. “దీని మీద రెండుసార్లు నొక్కమ్మా. నల్ల చుక్క కనబడితే నీ దీపం వెలగతా ఉన్నట్టే,” అన్నాడు. ఆమె ఆ మాటను మాటగానే తీసుకుంది.

“సరేలే, ఆర్పకుండానే చూద్దాం,” అని నాగూర్ గొంతు తగ్గించి, లోపల ఏమేమి నడుస్తున్నాయో జాబితా తెరిచాడు. ఒకే పేరు వరుసగా కిందికి దిగుతూ పోయింది. అతడు వేలితో లెక్కపెట్టాడు. “యాభై నాలుగు. ఒకే పేజీని యాభై నాలుగుసార్లు తెరిచి పెట్టినారు. ఇంత బరువు మోస్తా ఇది నడిచేది ఎట్టా? ఎవురు పాపా చేసింది?”

“నేనే,” అంది పేరమ్మ. “రోజూ తెల్లారి నొక్కతాను. కనబడతాదేమోనని.”

“కనబడకపోతే మూసెయ్యొచ్చు గదవ్వా?”

“మూసేది నా చేత్తోనా?”

 కంప్యూటరు లోపలి పంకా ఆయాసపడుతూ తిరిగింది.

వినీల ఆమె మణికట్టు పట్టుకుని, “అవ్వా, పేజీలు మూసినంత మాత్రాన ఇది ఆరిపోదు. నాయన మీద రాసిన మాట కొట్టెయ్యాలంటే ఇది నడవాల,” అంది. పేరమ్మ చాలాసేపటికి చెయ్యి తీసింది.

నాగూర్ చివరి నుంచి ఒక్కొక్కటే మూస్తూ వచ్చాడు. ప్రతి పేజీలోనూ చుక్క లేని నీలిరంగు. పేరమ్మ నిలబడి వాటిని గుర్తుపట్టసాగింది. “ఇది నిన్నటిది. ఇది మొన్నటిది... ఇది కర్మ చేసెయ్యమని పెద్దమనుషులు వచ్చిన రోజు. నేను ఒప్పుకోలేదు... ఇది నీ పుట్టినరోజుది పిల్లా, నువ్వు రాలేదు.” పేజీలు తగ్గేకొద్దీ పంకా చప్పుడు సన్నబడింది. ఆమె గొంతు కూడా సన్నబడింది.

ఆఖరున ఒక్కటి మిగిలింది. అది ఖాళీగా లేదు.

నాగూర్ చెయ్యి గాలిలోనే ఆగింది. “దీన్ని ముట్టుకోవద్దు పాపా. ఈ పేజీలో పాత గుర్తులు నెల రోజులే ఉంటాయి. మూస్తే మళ్లీ రావు. ముందు బొమ్మ తీసి దాచు.” ఇందాక అతని వేలు మీట దాకా వెళ్లిన సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. వినీల తెరను మూడుసార్లు బొమ్మ తీసింది.

తరువాత చదివింది. ఓడల దారి హద్దును ఎర్రగీత చూపుతోంది. దానికి దక్షిణంగా, చాలా దూరాన, నాలుగు గంటల నుంచి ఐదూ పది దాకా చుక్కలన్నీ ఒకే చోట గుంపుగా పడి ఉన్నాయి. వల వేసి నిలిచిన పడవ అది. ఐదూ ఇరవైకి కదిలింది. ఉత్తరంగా, తిన్నగా, మనిషి నడకకన్నా మెల్లగా కదిలి, ఏడు గంటలకు ఎర్రగీతను దాటి దారి నడుమకు చేరింది. ఏడూ ఇరవైకి చుక్క లేదు. ఇంజను వేసిన పడవ అంత మెల్లగా పోదు; వలకు కట్టి నిలిచిన పడవ తెగితే తప్ప కొట్టుకుపోదు. ఫాల్గుణంలో సముద్రం ఉత్తరానికే లాగుతుంది. ఓడ హద్దు తప్పి దక్షిణానికి వచ్చి పడవను కొట్టింది. విరిగిన పడవను నీళ్లు ఓడల దారిలోకి మోసుకుపోయాయి. సంఘం ఆఖరి చుక్కను మాత్రమే చూసింది.

“దొరికింది పాపా,” అన్నాడు నాగూర్.

వినీల సంతోషంతో తిరిగి చూసి, పేరమ్మ ముఖం కనబడగానే ఆగిపోయింది.

“ఆ పొద్దు దాన్ని నేను చూసినాను,” అంది పేరమ్మ. “ఆరు గంటలప్పుడు కాఫీ లోటా పట్టుకోని ఈడనే కూర్చున్నా. చుక్క ఉత్తరానికి పోతా ఉండాది. వల ఎత్తుకుంటా పోతున్నాడనుకున్నా. వల ఎత్తే పడవ అట్టా తిన్నగా పోదు. మీ తాత పక్కన ముప్పై ఏళ్లు వలలు లాగినదాన్ని, నాకు తెలియదా? తెలిసింది. వెంకయ్యను లేపుదామని లేచినా. చుక్క కదలతా ఉండాది గదా, నా బిడ్డ ఉండాడు గదా అని మళ్లీ కూర్చున్నా.”

నువ్వు చెప్పినా ఏమయ్యేది అవ్వా అనాలనుకుంది వినీల. కాని ఆ ఉదయం ఒడ్డున పదిహేను ఇంజను పడవలు ఉన్నాయి. గంట ప్రయాణం.  నాగూర్ తను తెచ్చిన వైరు చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు.

“రాయి,” అంది పేరమ్మ.

“ఏంది అవ్వా?”

“నేను చూసినానని. ఎవురికీ చెప్పలేదని.”

“నీది రాయాల్సిన పనిలేదు. ఈ బొమ్మ చాలు.”

“చాలదు. వాళ్లు నా కొడుకు మీద ఊరికే రాసేసినారు. మనం అట్టా రాయకూడదు. ఓడది ఓడ మీద రాయి. రెండు గంటలు పెట్టె సిగ్నల్ పంపతా ఉంటే పెట్టెలిచ్చిన ఆఫీసులో చూడనోళ్లది వాళ్ల మీద రాయి. నాది నా మీద రాయి. అప్పుడు వాడికేమీ మిగలదు.” ఆమె వచ్చి వినీల పక్కన కూర్చుంది. “సోమవారం నేనూ వస్తాను. అడగనీ.”

నాలుగూ పదికి వినీల మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు వేలు తగలగానే అక్షరం పడుతోంది. పేరమ్మ మాటగా ‘ఆ ఉదయం ఆరు గంటలకు నేను ఈ చుక్కను చూశాను, ఎవరికీ చెప్పలేదు’ అన్న వాక్యం కళ్లు మూసి తెరిచేలోగా పూర్తయింది. మధ్యలో ఆగి ఏడవడానికైనా అది వ్యవధి ఇవ్వలేదు.

“చదువు,” అంది పేరమ్మ.

వినీల చదివింది.

“కింద నా పేరు పెట్టినావా?”

“పెట్టినానవ్వా.”

“ఇంటిపేరుతో పెట్టు. వాడిదీ అదే.”