నిలబెట్టిన బిందె

మధ్యాహ్నానికి ఇత్తడి అండాలు పసిమి తేలాయి. రాగివాటిలో ఒక చెంబు, ఒక బిందె మాత్రమే అయ్యాయి. ఏడాదిగా అటక మీద పడి ఉండి, మిగతావన్నీ చిలుము పట్టి నల్లబారాయి. చెంగమ్మ చింతపండు, ఉప్పు, ఇటుకపొడి కలిపి పీచుతో రుద్దుతూనే ఉంది. పులుపు అరచేతి పగుళ్లలోకి దిగి మంట పెడుతోంది. తొట్టిలో నీళ్లు ఎర్రటి బురదయ్యాయి.

పుత్తూరులో బట్టలకొట్టు మునిరామయ్య ఇల్లు అది. రేపు వ్రతం. తోమిన పాత్రను చెంగమ్మ బోర్లించి పెట్టాలి. నిలబెడితే ఆమె చేతి నీళ్లు అందులో నిలుస్తాయి. బోర్లించినదాని మీద మునిరామయ్య భార్య చంద్రకాంతమ్మ పసుపునీళ్లు చల్లి లోపలికి తీసుకుపోతుంది. బావి తాడు చెంగమ్మ ముట్టకూడదు. తోమే నీళ్లు కూడా చంద్రకాంతమ్మే చేది పోస్తుంది. చెంగమ్మ కాపరానికొచ్చిన నాటి నుంచీ ఇదే కట్టడి. నెలకు పన్నెండు రూపాయలు, రోజూ మిగిలిన సంగటి. ఆ సంగటితోనే మంచాన పడ్డ అత్తకు పొద్దు గడుస్తుంది.

"అమ్మా, గొంతు ఎండిపోతా ఉండాది. రవంత నీళ్లు పోయండి."

చంద్రకాంతమ్మ చేద తెచ్చి మెట్టు మీద నిలబడింది. "దోసిలి పట్టు."

నీళ్లు పడగానే పగుళ్లు భగ్గుమన్నాయి. చెంగమ్మ ఒక గుక్క నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది.

"చేతుల్లో ఉండే పులుపూ ఇటుకా నోట్లోకి వస్తా ఉండాదమ్మా. ఆ చెంబుతో ఇయ్యండి, ఇప్పుడే తోమినా గదా."

"బాగుండాదే. నువ్వు ఎంగిలి చేసింది రేపు దేవుడి ముందర పెట్టల్నా?"

"లోపల చెయ్యి పెట్టే గదమ్మా తోమినాను. చెయ్యి పోయిన సోటికి నోరు పోతే ఏమి?"

"పసుపునీళ్లు సల్లితే చేతి మైల పోతాది. ఎంగిలి పోదు."

"అట్లయితే రెండుతూర్లు సల్లండి."

చంద్రకాంతమ్మ ముఖం బిగిసింది. "నాలిక్కి గూడా చింతపండు రుద్దుకున్నట్టుండావే. మిగిలినవి తోమి కదులు. రేపట్నించి ఈ గడప తొక్కొద్దు. నీకు సంగటి ఎవురు పెడతారో సూస్తా."

చెంగమ్మ పీచు కింద పెట్టింది. అత్త మంచం కళ్లముందు కదిలింది. తరవాత తన చేతుల వైపు చూసుకుంది. లేచి బావి దగ్గరికి నడిచింది. తాడు పట్టుకుంది. గిలక కిర్రుమంది.

మొదటి చేదతో చేతులు కడుక్కుంది. తరవాత తోమిన రాగిబిందెను పెరటి నడుమ నిలబెట్టి, చేదిన నీళ్లతో నింపింది. చెంబు ముంచి, అంచుకు పెదవులు ఆనించి, నింపాదిగా తాగింది.

"ఏమే, ఏమి చేస్తా ఉండావే?"

"నీళ్లు తాగినానమ్మా. మిగిలినవి మీరే తోముకోండి. చింతపండు గిన్నెలో నానతా ఉండాది."

కొంగుతో మూతి తుడుచుకుని దొడ్డివాకిలి దాటి వెళ్లిపోయింది.

చంద్రకాంతమ్మ బిందె దాకా వచ్చి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అంచు దాకా నీళ్లు. పారబోయాలన్నా దాన్ని ముట్టుకోవాలి.