ఎంగిలి దారం

కుట్టుషాపులో అందరి సూదులకూ దారం ఎక్కించేది పిన్నే. మిషన్లు ఎన్ని ఉన్నా బొత్తాలు, హుక్కులు చేత్తోనే కుట్టాలి కదా. దారం కొసను పెదవులతో తడిపి, కన్ను మూసి తెరిచేలోగా ఎక్కించేసేది. మాస్టరు మొదలుకొని ఇస్త్రీ మామ దాకా ఆమె ముందు సూది చాచనివారు లేరు.

ఒకరోజు టీ తాగుతున్నప్పుడు, తనకు హెచ్‌ఐవి ఉందనీ మందులు వాడుతున్నాననీ పిన్ని తనంతట తానే చెప్పేసింది. దాచుకుని రోజూ బిక్కుబిక్కుమంటూ బతకడం ఆమె వల్ల కాలేదు.

"అయ్యో, దానికేముంది పిన్నీ!" అన్నారంతా.

మర్నాడు ఒక్కరూ సూది చాచలేదు.

"నీకెందుకులే శ్రమ" అన్నాడు మాస్టరు, టేపు చుట్టుకుంటూ.

పిన్ని లోలోపలే లెక్క వేసుకుంది. ఇవాళ సూది, రేపు టీ గ్లాసు, ఎల్లుండి కుర్చీ. పొమ్మనకుండానే పొగబెట్టడమంటే ఇదే. తల వంచుకుని బొత్తాలు కుట్టుకోసాగింది.

కానీ ఎంతసేపని చూడకుండా ఉంటుంది? కాజాలు కుట్టే అత్త ఒక కన్ను మూసి, దారాన్ని సూది పక్కనుంచి పంపి "ఎక్కింది!" అంటోంది. ఇస్త్రీ మామ మళ్లీ మళ్లీ ఎక్కించే బాధ తప్పుతుందని బారెడు దారం తీసుకున్నాడు. లేవబోతే, కుడుతున్న బడిపిల్లాడి చొక్కా ఆయన చొక్కా చేతితో కలిసి కుట్టుకుపోయి వెంటే లేచింది.

"పిల్లాణ్ణి దత్తత తీసుకున్నావా మామా?" అనేసింది పిన్ని, ఉండబట్టలేక.

షాపంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే అత్తకు ధైర్యం వచ్చింది.

"ఏమనుకోకు గానీ అమ్మాయ్, ఎంగిలితో అంటదా అది?"

"అంటదత్తా. నేనూ నర్సమ్మను అదే అడిగా. ఉమ్మితో అంటదు, గ్లాసుతో అంటదు, పక్కన కూర్చుంటే అంటదు. రక్తం సంగతి వేరు. అందుకే వేలికి గుచ్చుకుంటే ఆ సూది పారేసి, వేలికి కట్టు కట్టుకుంటా. ఆ మాటకొస్తే అందరూ చెయ్యాల్సిందే. నిన్ననే అడగొచ్చుగా?"

"అడిగితే బాధపడతావని..." నసిగాడు మాస్టరు.

"అడక్కపోతే పండగ చేసుకున్నానా?"

అత్త లేచొచ్చి సూది చాచింది. పిన్ని దారం కొస అందుకుంది. పెదవుల దాకా తెచ్చి ఆగింది.

"తడపనా?"

"తడపకుండా ఎలా ఎక్కుతుందే? పొద్దుట్నుంచి నేను గాలిని కుట్టింది చాలదూ!"

పిన్ని తడిపింది. దారం ఒక్కసారికే దూరింది. తల ఎత్తేసరికి, అత్త వెనక మాస్టరు తన సూది పట్టుకుని నిలబడి ఉన్నాడు.