కాలువకు ఏ పక్క

వీత్స్కే రాజకీయాల్లోకి వచ్చింది బస్సు కోసం. నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న వాళ్ల ఊరికి వచ్చే ఒకే ఒక్క బస్సుని ఆపేస్తామంటే, పొద్దున్నే ఆవుల పాలు పితికి నేరుగా సభకి వెళ్లి దెబ్బలాడింది. బస్సు ఆగలేదు. పన్నెండేళ్లలో ఊరి కౌన్సిల్ నుంచి ప్రావిన్స్ సభకి, అక్కణ్ణించి వ్యవసాయశాఖ కుర్చీలోకి చేరింది. నేను అక్కడ మ్యాపులు గీసే ఉద్యోగిని.

పశువుల పేడ, మూత్రాల వల్ల చిత్తడి నేలలు పాడైపోతున్నాయి, వాటి చుట్టూ పశువుల్ని తగ్గించమని పైనుంచి ఆదేశం వచ్చింది. మ్యాపు మీద నేను గీసే గీత లోపల పడ్డ రైతు తన మందను అమ్ముకోవాలి. ఒక్కచోట మాత్రం గీత కాలువకు ఇటు పోయినా అటు పోయినా ఫలితం ఒకటేనన్నారు శాస్త్రవేత్తలు. ఇటైతే వీత్స్కే వాళ్లన్న రిన్సె పొలం లోపల పడుతుంది. అటైతే ఔక్యే అనే ముసలావిడ పొలం.

"ఎటు గీయమంటారు?" అని అడిగాను.

"ఇటే గియ్యి."

"మీ అన్నగారి పొలం కదండీ..."

"అందుకే గియ్యమంటున్నా. రేపు నన్నెవరూ వేలెత్తి చూపకూడదు."

ఆ మ్యాపు మీద ఓటింగు జరిగే రోజు పొద్దున సభ ముందు నిరసనకొచ్చిన రైతుల ట్రాక్టర్లు బారులు తీరాయి. రిన్సె మెట్ల దగ్గర చెల్లెలికి అడ్డం నిలబడ్డాడు.

"ఆ గీత చిత్తడి కోసం గీశావా, నీ మంచి పేరు కోసం గీశావా?"

"అన్నా, అటు గీస్తే జనం ఏమనేవాళ్లు?"

"చూశావా! జనం ఏమంటారో ఆలోచించావు. ఔక్యేకి ఎనభై ఏళ్లు. వచ్చే ఏడు ఎలాగూ అమ్మేస్తానని ఊరంతా చెబుతోంది. ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. నేనూ అడగలేదు.

వీత్స్కే అతన్ని తప్పించుకుని మెట్లెక్కింది. లోపలికొచ్చి గోడకానుకుని నిలబడింది. "ఇప్పుడు మారిస్తే అన్నకోసం మార్చానంటారు," అంది మెల్లిగా. నేను ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆమె సభలోకి వెళ్లి ఆ మ్యాపునే గట్టిగా సమర్థించింది. మూడు ఓట్ల తేడాతో తీర్మానం నెగ్గింది.

మర్నాడు పత్రికలన్నీ సొంత అన్ననైనా వదలని నాయకురాలని మెచ్చుకున్నాయి. ఆమె ఆ పత్రికల్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రమే ఔక్యే ఇంటికి వెళ్లింది. నన్నూ తోడు రమ్మంది.

"నిన్న కాకుండా మొన్న వచ్చుంటే సంతోషంగా ఇచ్చేసేదాన్ని కదే అమ్మాయ్," అంది ముసలావిడ, కాఫీ పోస్తూ. వీత్స్కే ఆ కాఫీ తాగలేకపోయింది.

అన్న మందను లారీలకెక్కించే రోజు పిలవకపోయినా వెళ్లింది. రిన్సె వద్దనలేదు. చివరి ఆవు ఎంతకీ కదలకపోతే ఆమే మెడ నిమిరి ఎక్కించింది. లారీలు వెళ్లిపోయాక అతను ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆమె చాలాసేపు వాకిట్లోనే నిలబడింది.

తర్వాతి ఎన్నికల్లో ఆమెకి మునుపెన్నడూ రానన్ని ఓట్లు వచ్చాయి. రిన్సె మాత్రం ఓటు వేయడానికి ఇల్లు కదల్లేదు.