మనుషుల్లేని అట్టబొమ్మ

పొద్దున్నే పనిగది తలుపు తీయగానే కోడలు చేసే మొదటి పని, బల్లమీద పరిచిన గాజుపలకల్ని ఒక్కొక్కటే ఎత్తి, కింద బొమ్మల్లో ఎవరెవరు ఎలా ఉన్నారో చూసుకోవడం. సబ్బు పెట్టె మీది అమ్మాయి రాత్రంతా నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టి మోచేతిమీద తల వాల్చేసి ఉంటుంది. పిల్లల పుస్తకం కోసం వేసిన పులి అటు తిరిగి పడుకుని ఉంటుంది. కోడలు అట్ట వెనకనుంచి వేలితో టకటకా తడితే అందరూ బట్టలు సర్దుకుని ఎవరి చోట్లోకి వాళ్ళు వచ్చేస్తారు. అప్పుడు కుంచెలు కడిగి, గిన్నెల్లో రంగులు కలిపి, మామగారు వచ్చేలోగా టీ పెట్టేస్తుంది.

మామగారు ఎక్కువగా పుస్తకాల అట్టలకు బొమ్మలు వేస్తాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మాస్టారంటారు. ఏ పుస్తకాల షాపుకెళ్ళినా ఆయన వేసిన కళ్ళు నాలుగువైపుల నుంచీ మనల్నే చూస్తుంటాయి. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు, అందుకే షాపుల ముందు నడిచేటప్పుడు కాస్త నెమ్మదిస్తాడు. కానీ ఆయన వేసేది మనుషుల్నీ జంతువుల్నీ మాత్రమే. వెనకుండే గోడలూ, మెట్లూ, మబ్బులూ, నేలా అన్నీ కోడలివి. ఆయన మనిషిని పూర్తి చేసి, తెల్లటి అట్టమీద అలాగే వదిలేసి భోజనానికి వెళ్ళిపోతాడు. నిలబడ్డానికి నేల లేకపోతే ఎవరికైనా చిరాకే కదా, కాళ్ళెక్కడ పెట్టాలో తెలీక ఆ మనుషులు అటూ ఇటూ మసులుతుంటారు. కోడలు ముందుగా వాళ్ళ పాదాల కింద రవ్వంత నేల వేస్తుంది. అప్పటికి గాని కుదుటపడరు.

ఇక లోపలి పేజీలో 'ముఖచిత్రం' అన్న మాట పక్కన ఉండేది మాస్టారి పేరొక్కటే. కోడలు దాని గురించి ఎప్పుడూ నోరెత్తలేదు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో తనంతట తానే పనిగదిలోకి వచ్చి కుంచె పట్టుకుంది. మొగుడు బస్సు నడుపుతాడు, రంగుల వాసనకే తుమ్ములొస్తాయని ఆ గది ఛాయలకు రాడు. మామా కోడళ్ళిద్దరే అన్నేళ్ళూ ఆ గదిలో, ఒకరు మనుషులతో, ఒకరు గోడలతో.

బొమ్మలు వేసేవాళ్ళ ఇళ్ళలో చంటిపిల్లలకు కూడా తెలిసిన నియమాలు రెండున్నాయి. ప్రెస్సువాళ్ళు ఫొటో తీసేదాకా బొమ్మమీద గాజుపలక ఉండాలి. రెండు అట్టల అంచులు ఒకదానికొకటి తగలకూడదు. ఒకసారి ఎవరో ఏమరుపాటున తగలనిస్తే, వంటల పుస్తకం మీది బొద్దావిడ వ్యాయామం పుస్తకంలోకి నడిచివెళ్ళి, వారం రోజులదాకా వెనక్కి రానని కూర్చుంది. ఆ వారం వంటల పుస్తకం అచ్చు ఆగిపోయింది.

అలాంటి గదిలో మాస్టారు ఒకరోజు టీ తాగుతూ, ఈసారి వచ్చే పుస్తకంతో కుంచె దించేస్తానన్నాడు. చెయ్యి వణక్కముందే ఆపేస్తే పరువుగా ఉంటుందట. అద్దెగది ఖాళీ చేస్తామని ఇంటాయనకు చెప్పేశాడు కూడా. కోడలికి రంగుల షాపులో పని మాట్లాడానన్నాడు. గోడలకు వేసే రంగులు డబ్బాల్లో కలిపివ్వాలి. "రంగులు కలపడం నీ అంత బాగా ఎవరికొచ్చమ్మాయ్," అన్నాడు నిజమైన అభిమానంతోనే. ఆ మాటకు కోడలి ప్రాణం ఉసూరుమంది. ఈ గది నేను నడుపుతానని నాలిక చివరిదాకా వచ్చింది గాని, అనలేకపోయింది. అట్టబొమ్మలంటే మొహాలు, ఆమెకు మొహాలు రావు. ఆమె వేసిన మనుషులు మెడ పట్టేసినట్టు నిలబడి, చూసేవాళ్ళమీద ఫిర్యాదు చెయ్యడానికొచ్చినట్టు చూస్తారు. అది ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ ఆఖరి పుస్తకం తెచ్చింది అచ్చక్క. అచ్చు పనే లోకంగా బతికే ప్రచురణకర్త కాబట్టి ఆవిడకా పేరు. రాసింది మాత్రం ఒక పళ్ళ డాక్టరమ్మ. రోగి నోట్లో మందు పెట్టి, అది పట్టేలోగా పక్కగదిలోకెళ్ళి పేరా రాసుకొచ్చే మనిషి. ఏళ్ళతరబడి అలా రాసిన ప్రేమకథ అది, రాజుల కాలం నాటిది. శత్రువులు చుట్టుముట్టిన కోటలో ధాన్యం గిడ్డంగి తాళాలు చూసుకునే అమ్మాయి, అవతలి సైన్యం నుంచి కబుర్లు మోసుకొచ్చే దూత. ఎప్పుడు కలిసినా కోట గుమ్మంలో, కాపలావాళ్ళ మధ్య, నిలబడి. చివరి పేజీలో కోట తలుపులు తెరుచుకుంటాయి. కథ అక్కడితో ఆఖరు.

అచ్చక్క ఎప్పుడూ మూడు బొమ్మలు అడుగుతుంది. మాస్టారు రెండు వేశాడు. ఒకదాంట్లో గుర్రంమీద కత్తి దూసిన దూత, ఇంకోదాంట్లో కోట కిటికీలో దీపం పట్టుకున్న అమ్మాయి. ఇద్దరినీ ఒకే అట్టమీద ఆయన ఎప్పుడూ వెయ్యడు. వేస్తే కథ అట్టమీదే అయిపోతుందని ఆయన సిద్ధాంతం. మూడోది ఎలాగూ లెక్కకే గదా అని తీరిగ్గా చెయ్యి విదిలించుకుంటుంటే కోడలు అంది.

"మూడోది నేను వేస్తాను మామయ్యగారూ."

"మనుషుల్ని వేస్తావా?"

"వెయ్యను. నాకు రారు కదా."

ఆయన నవ్వాడు. "మనుషుల్లేకుండా ప్రేమకథేంటమ్మాయ్?"

"వాళ్ళకి చోటు వేస్తాను," అంది కోడలు.

ఖాళీ బొమ్మ పక్కనుంటే తనవి రెండూ ఇంకా వెలుగుతాయనుకున్నాడో, పోనీలే ఆఖరిసారి అని జాలిపడ్డాడో గాని, సరేనన్నాడు. ఆమె రాతప్రతిని రెండోసారి మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివేటప్పుడు ఆమెకు కత్తులూ కోటలూ ఏవీ పట్టలేదు. వీళ్ళిద్దరికీ కాళ్ళు ఎంత లాగుతున్నాయో అన్నదే మనసులో ఉండిపోయింది. అందుకని గిడ్డంగి వెనక గోడ వేసింది. గోడ వెంట, వాడి వాడి అరిగిన ఒక రాతిమెట్టు. వీపు ఆనించి ఆనించి గోడ నున్నబడిన చోటు. నేలమీద చిందిన నాలుగు గింజలు, ఎండ ఇంకా చేరని నీడ. ఒక పిచ్చుకను కూడా వేద్దామనుకుంది గాని, అది ఒకచోట ఉండదని మానేసింది. ఆ రాయికి రంగు కుదరడానికి గిన్నెలన్నీ ఖరాబు చేసింది. మాస్టారు దూరంనుంచి చూసి, రాయి బాగా వచ్చిందని మాత్రం అన్నాడు.

అట్ట ఎంచుకునే రోజు అందరూ అచ్చక్క ఆఫీసులో చేరారు. కొత్త బీరువా వచ్చాక ఆ గోడ సగమైపోయింది. ఉన్న కాస్త జాగాలో మూడు బొమ్మలూ పట్టాలి. అచ్చక్క గాజుపలకలు తీసేసి, మాస్టారి బొమ్మలు రెండూ పక్కపక్కనుంటే ఒకదాన్నొకటి మింగేస్తాయని ఖాళీదాన్ని మధ్యలో పెట్టి, మూడింటినీ బిగించి పిన్నులు గుచ్చింది. మాస్టారు చూసి ఉంటే అడ్డుకునేవాడే. ఆయనేమో డాక్టరమ్మ పొగడ్తలు వినడంలో మునిగి ఉన్నాడు. కోడలు తన బొమ్మకేసి చూడ్డానికి ధైర్యం చాలక కిటికీ బయట రోడ్డు చూస్తోంది.

డాక్టరమ్మ ముందుగా కిటికీలోని అమ్మాయిని పరీక్షించి, పళ్ళు అద్భుతంగా వేశారంది. అన్నాళ్ళు తిండి లేక మాడిన కోటలో చిగుళ్ళు ఇలా ఉండవు గాని, ఫర్వాలేదంది. తర్వాత గుర్రం దగ్గర ఆగి, నా నవల్లో గుర్రమెక్కడుందండీ అని అడిగింది. గుర్రం లేకపోతే రాజుల కాలమని కొనేవాడికెలా తెలుస్తుందని మాస్టారు ఎదురడిగాడు. గుర్రమైతే మగవాళ్ళు కొంటారని, దీపమైతే ఆడవాళ్ళు కొంటారని అచ్చక్క కాసేపు తనలో తనే వాదించుకుని గుర్రం వైపు మొగ్గింది. ఇక మధ్యదాని దగ్గరకు వచ్చి కళ్ళజోడు సవరించుకుంది.

"ఎంత నీటుగా ఉందమ్మా. కానీ ఖాళీ వేదిక చూపించి నాటకానికి టిక్కెట్లు అమ్మలేం కదా."

అది ఎంత మెత్తగా అన్నా కోడలికి తలకొట్టేసినట్టయింది. అచ్చక్క అన్నది అబద్ధం కాదు, అదే ఇంకా బాధ. మాస్టారు గొంతు సవరించుకుని, ఏదో సరదా పడింది లెండి అని తేల్చేశాడు. అందరూ టీకని పక్కగదిలోకి నడిచారు. కప్పు చేతిలో పట్టుకుని కోడలు రంగుల షాపు గురించి ఆలోచించింది. షాపువాడు చూపించే రంగుల కార్డులు, మూత బిగించిన డబ్బాలు, రోజంతా ఇతరుల గోడలు. టీ రుచే తెలియలేదు.

ఇంతలో ప్రెస్సు నుంచి ఫొటోలు తీసే ఆయన వచ్చాడు. నేరుగా గోడ దగ్గరకెళ్ళి కెమెరా కాళ్ళు విప్పి నిలబెట్టుకుంటున్నట్టు చప్పుడైంది. గుర్రంది తియ్యమని అచ్చక్క లోపల్నుంచే కేకేసింది.

"గుర్రం ఒక్కదాన్నేనా? మనుషులున్న నడిమిది కాదా?" అన్నాడాయన.

కప్పులు ఎక్కడివక్కడ పెట్టి అందరూ లేచొచ్చారు. ఒక అట్టమీద గుర్రం జీను ఖాళీగా, కళ్ళెం వేలాడేసుకుని నిలబడి ఉంది. ఇంకో అట్టలో దీపం కిటికీ గట్టుమీద ఉంది, అమ్మాయి లేదు. నడిమి అట్టలో వాళ్ళిద్దరూ ఆ రాతిమెట్టుమీద కూర్చున్నారు. కౌగిలింతలేమీ లేవు. ఇద్దరి మధ్యా జానెడు ఎడముంది. ఆమె తాళాలగుత్తి నడుమునుంచి తీసి పక్కన పెట్టుకుంది. అతను కత్తి గోడకు ఆనించి, చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపుకున్నాడు. నున్నబడిన చోట వీపు సరిగ్గా ఆనింది. ఇద్దరూ నేలమీది గింజలకేసి చూస్తున్నారు, చాలాకాలానికి తీరిక దొరికినవాళ్ళలాగ.

"అంచులు కలిపి గుచ్చేశానా!" అని అచ్చక్క నెత్తి కొట్టుకుంది. పిన్నులు పీకబోతే మాస్టారు ఆపాడు. నేను పిలుస్తానుండండి, నా మాట వింటారని అట్ట చివర కొంచెం ఎత్తి వెనకనుంచి టకటకా తట్టాడు. ఆయన వేలి చప్పుడుకు లేవని మనిషి ఇంతవరకు లేడు. దూత తలెత్తి చూశాడు, మర్యాదగానే చూశాడు, మళ్ళీ గోడకు చేరబడ్డాడు. మాస్టారు ఇంకోసారి తట్టాడు. ఈసారి ఆ అమ్మాయి తాళాలగుత్తిని ఇంకాస్త దూరంగా జరిపి పెట్టుకుంది.

మామగారికి అవమానమైందేమోనని కోడలు ఆయన మొహంకేసి చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, బొమ్మకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు.

"వాడి భుజాలు చూశావా అమ్మాయ్? నేను వేసినప్పుడు బిగదీసి ఉన్నాయి. జన్మంతా అలా బిగదీసే వేశాను అందర్నీ."

డాక్టరమ్మ ఏడ్చేసింది. రోగుల కళ్ళనీళ్ళే గాని తన కళ్ళనీళ్ళు ఎవరికీ చూపించని మనిషి, చేతిరుమాలు కూడా లేక తెల్లకోటు అంచుతో తుడుచుకుంది. "ఎన్ని పేజీలు నిలబెట్టేశానో వాళ్ళని. కూర్చోబెట్టాలని నాకే తట్టలేదు," అంది. ఇక అచ్చక్కను ఎవరూ అడగలేదు, ఆవిడే ఫొటోగ్రాఫరుకు తల ఊపింది. తర్వాత కలం తీసి, లోపలి పేజీలో ఎప్పటిలాగే మాస్టారి పేరేగా అంది.

"కాదు. మా కోడలి పేరు," అన్నాడు మాస్టారు.

"మనుషులు మీరు వేసినవాళ్ళు మామయ్యగారూ," అంది కోడలు కంగారుగా.

"నేను వేసినవాళ్ళే. పిలిస్తే కూడా రాలేదుగా. ఉంటామన్నది నీ దగ్గర." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో చిన్నబోవడమన్నది మచ్చుకైనా లేదు. పండగొచ్చినంత సంబరంగా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు, విన్నారా లేదా అన్నట్టు.

తిరిగొచ్చేటప్పుడు మాస్టారు ఇంటాయన తలుపు తట్టి, గది ఖాళీ చెయ్యడం లేదని చెప్పాడు. అక్కడినుంచి రంగుల షాపుకు తనే వెళ్ళి, మా అమ్మాయికి తీరిక ఉండదు, ఇంకెవరినైనా చూసుకోండన్నాడు. తీరిక నిజంగానే లేకపోయింది. నవల షాపుల్లోకి రాగానే వేరేచోట్ల బొమ్మలు వేసేవాళ్ళు కూడా తమ మనుషుల్ని చంకన పెట్టుకుని ఆ పనిగదికి రావడం మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ ముందు చోటు తయారవుతుంది, ఆ పక్కన అట్ట ఆనిస్తారు, మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మాస్టారు కుంచె దించేశాడు గాని రావడం మానలేదు. పొద్దున్నే వచ్చి గాజుపలకలు ఎత్తి చూస్తాడు, టీ కూడా ఆయనే పెడుతున్నాడు.

సాయంత్రాలు మాత్రం పుస్తకాల షాపులవైపు నడుస్తాడు. ఇప్పుడు నెమ్మదించడం కాదు, లోపలికే వెళ్తాడు. డాక్టరమ్మ నవల చేతిలోకి తీసుకుని, షాపువాడికి మొదటి పేజీ తిప్పి పేరు చూపించి, ఇది మా కోడలు వేసిందంటాడు. షాపువాడు అట్టమీది మొహాలకేసి, మాస్టారికేసి మార్చి మార్చి చూస్తాడు.

"వీళ్ళిద్దరూ మీ మనుషుల్లా ఉన్నారే?"

"నా మనుషులే," అంటాడు మాస్టారు, పుస్తకాన్ని జాగ్రత్తగా అందరికీ కనబడేలా ముందు వరసలో నిలబెడుతూ. "మా అమ్మాయి దగ్గర కూర్చోడానికి వచ్చారు."