ఏ పేస్టు?

పలాస దాటాక ఉన్న ఆ ఉద్దానం ఊళ్లో పేస్టంటే గుడాకే. పొగాకూ బెల్లమూ కలిపి నూరిన నల్ల ముద్ద, చిన్న డబ్బాలో అమ్ముతారు. పొద్దున్నే అది వేలితో పళ్లకు రాసుకుంటేగానీ జీడితోట కూలీలకు కాలూ చెయ్యీ ఆడవు. రెండువేల రెండులో విశాఖ నుంచి దంతాల క్యాంపుకు వచ్చిన నర్సమ్మకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది, పాపం!

"పేస్టుతో పళ్లు తోముతున్నారా?" అని అడిగింది.

"తోముతన్నామమ్మా," అంది జీడితోట కూలి లక్ష్మమ్మ ధీమాగా.

"మంచిది. రెండు పూటలా తోమండి. పిల్లలకీ అలవాటు చెయ్యండి."

చదువుకున్నావిడ మాట కాదంటుందా? ఆ సాయంత్రమే పదేళ్ల కూతురు స్వాతి వేలికి గుడాకు అద్దింది. పిల్ల కళ్లు తిరిగి కక్కుకుంది. పదిహేను రోజులు గడిచేసరికి తనే డబ్బా వెతుక్కోవడం మొదలెట్టింది.

నెల తిరిగాక నర్సమ్మ కూలీలు కొనుక్కోగల చవక బ్రష్షులూ పళ్లపొడి పొట్లాలూ తెచ్చింది. స్వాతి నోరు చూసి, "ఈ నలుపేమిటి?" అంది.

"మీరు సెప్పిన పేస్టేనమ్మా," అని లక్ష్మమ్మ డబ్బా చూపించింది.

నర్సమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో, ఇది పొగాకమ్మా! పిల్లకు మత్తు అలవాటు చేశావు."

పొగాకని లక్ష్మమ్మకు తెలియక కాదు. పళ్లకు మందని నమ్మింది. బిడ్డకు తన చేత్తోనే పెట్టానని తల బాదుకుంది.

మర్నాడు ఇద్దరూ బ్రష్షులతో తోముకున్నారు. కాసేపటికే స్వాతి గొణిగింది.

"అమ్మా, తలకాయ పగిలిపోతంది. రవ్వంత ఎట్టవా?"

లక్ష్మమ్మకూ అదే బాధ. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చెయ్యి దానంతటదే చూరులో దాచిన డబ్బా మీదికి పోయింది. పిల్ల కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

"నువ్వెట్టుకుంతే నాకూ ఎట్టు," అంది స్వాతి.

లక్ష్మమ్మ డబ్బా పొయ్యిలో పడేసింది. కాలిన బెల్లం వాసనకు ఇద్దరికీ నోరూరింది.

వారమైనా ఆ యాతన తగ్గలేదు. డబ్బా మాత్రం మళ్లీ గడప తొక్కలేదు. మరుసటి నెల క్యాంపుకు కొత్త డాక్టరు వచ్చాడు.

"అందరూ పేస్టుతో తోముతున్నారా?"

"ఆ!" అన్నారు ఆడవాళ్లంతా.

స్వాతి చెయ్యి గట్టిగా పట్టుకుని లక్ష్మమ్మ లేచి నిలబడింది.

"ముందు ఏ పేస్టో సూపించి అడుగు, బాబూ."